అత్తగారి పేర వచ్చిన మెయిల్

మా దుకాణంలో ఆయన్ని అందరూ కవిగారు అంటారు. మొదట వెటకారంగా పెట్టిన పేరే. ఏళ్ళు గడిచేకొద్దీ వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. మాది కళ్ళద్దాల దుకాణం. ముందు గదిలో ఫ్రేములు పరుచుకుని యజమాని కూర్చుంటాడు. మధ్య గదిలో నేను వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షిస్తాను. వెనక గదిలో కవిగారు అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తారు. ఆయన గదికీ నా గదికీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. పధ్నాలుగేళ్ళుగా ఆ గోడకు ఇటువైపు కూర్చుని ఉన్నాను కాబట్టి, సానయంత్రం చప్పుడు విని ఆయన మనసు ఆ రోజు ఎలా ఉందో చెప్పగలను. నేను చదివింది కళ్ళ పరీక్షకు పనికొచ్చే రెండేళ్ళ కోర్సు. అయినా ఆయన నన్ను "డాక్టరమ్మా" అని పిలుస్తారు. నేను "కవిగారూ" అంటాను. ఇద్దరివీ లేని బిరుదులే.

ఆయన కవితలు రాస్తారు, నిజమే. కానీ ఆయన అసలు పిచ్చి కవితా చిత్రాలు. అంటే, వెనకనుంచి ఒక గొంతు చిన్న కవిత చదువుతూ ఉంటే తెరమీద దానికి తగ్గ దృశ్యాలు కదులుతాయి. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. తొమ్మిదేళ్ళ కిందట గ్రంథాలయం మేడమీద గదిలో ఎవరో అలాంటివి కొన్ని వేసి చూపిస్తే వెళ్ళి చూశారట. ఆ రోజు నుంచి ఆయనకు ఆదివారాలు లేవు. కెమెరా, దాన్ని నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండూ భుజాన వేసుకుని పొద్దున్నే వెళ్ళిపోవడం, మసక మసక దృశ్యాలేవో తీసుకురావడం, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని అతకడం. పొగమంచు, చెమ్మగోడలు, చుక్కలు చుక్కలుగా కారే కొళాయి, ఎవరూ కూర్చోని కుర్చీ. ఆయన కవితలో "శూన్యం" అనే మాట కనీసం ఒక్కసారైనా రాకపోతే ఆ కవిత ఆయనది కాదన్నమాట. తయారైన ప్రతి సినిమానూ మధ్యాహ్నం భోజనాల వేళ ఫోనులో నాకు చూపించేవారు. "బావుందండీ" అనేదాన్ని. ఆయన మంచివారు. ఆ మాట అనడం పెద్ద కష్టం కాదు.

ఇలాంటి సినిమాలకు ప్రత్యేకంగా ఫెస్టివల్స్ ఉంటాయి. దేశదేశాల నుంచి వందల్లో వస్తే పాతికో ముప్ఫయ్యో తీసుకుని పెద్ద తెరమీద వేస్తారు. కవిగారు తొమ్మిదేళ్ళలో నలభై ఒక్కసార్లు పంపారు. నలభై ఒక్కసార్లూ తీసుకోలేదు. జవాబు మొత్తం చదవక్కర్లేదు డాక్టరమ్మా, మొదటి మాట చాలు, అనేవారు. "ముందుగా" అని మొదలైతే, ముందుగా మీకు కృతజ్ఞతలు, తర్వాత మీకు నమస్కారం. "సంతోషంగా" అని మొదలైన ఉత్తరం ఎలా ఉంటుందో ఆయనకు ఊహే తప్ప ఎరుక లేదు.

ఎంపికైన వాళ్ళ జాబితాలు మాత్రం వదలకుండా చదివేవారు. ఎక్కడో ఒక రొట్టెల దుకాణం నడుపుకునే మనిషి తీసిన సినిమా ఒకే ఏడాదిలో నాలుగు ఫెస్టివల్స్‌లో ఆడింది. కవిగారు ఆ మనిషి వివరాలన్నీ వెతికారు. అతను పుట్టిన ఊరూ, పెంచుకునే కుక్కా కూడా తెలుసుకున్నారు. "లోపల ఎవరో తెలిసినవాళ్ళు ఉండి ఉంటారు" అని తేల్చారు. ఇంకొకామె సినిమా చూసి, "ఇది కవితా? దీన్ని కవిత అంటే కరెంటు బిల్లు కూడా కవితే" అన్నారు. అసూయ ఆయనకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. కాకపోతే అప్పటిదాకా అది ముఖం తెలియని వాళ్ళమీద. ముఖం తెలియని వాళ్ళమీద ఎంత కుళ్ళుకున్నా ఇంటికెళ్ళాక ముద్ద దిగుతుంది.

ఇక ఆయన అత్తగారి సంగతి. ఆవిడ ముప్ఫయ్యొక్కేళ్ళు బస్ స్టేషన్‌లో ప్రకటనలు చదివిన మనిషి. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఎంత ఆలస్యమో ఊరందరికీ చెప్పేవారు. ఆవిడ భర్త అక్కడే గ్యారేజీలో మెకానిక్. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. మోకాళ్ళు మొరాయించాక, నాలుగేళ్ళ కిందట ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేశారు. కూతురు, అంటే కవిగారి భార్య, ఆస్పత్రిలో పేర్లు రాసుకునే కౌంటర్‌లో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికే వెళ్ళాలి. కవిగారు ఎనిమిదీ పదికి బయల్దేరతారు. అత్తగారు హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా ఉన్న చేతుల కుర్చీలో కూర్చుంటారు.

అప్పటి నుంచీ అల్లుడి సినిమాలన్నిటికీ మొదటి ప్రేక్షకురాలు ఆవిడే. ఎప్పుడూ ఒకటే మాట: "బావుంది బాబూ. చీకటి కొంచెం ఎక్కువైందేమో."

ఒకరోజు ఆవిడ అడిగారు. "బాబూ, ఈ ఫోనులో సినిమా తియ్యడం నాకూ నేర్పుతారా? ఊరికే కూర్చుంటున్నాను కదా."

కవిగారికి ముచ్చటేసింది. ఎత్తుపీట మీద చక్కెర డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించి, ఏది నొక్కితే మొదలవుతుందో ఏది నొక్కితే ఆగుతుందో చూపించారు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండా ఎనిమిది రోజులపాటు వీధి గుమ్మాన్ని తీశారు. తొమ్మిదోరోజు ఒక కాగితం ముందు పెట్టుకుని, తన పాత బస్ స్టేషన్ గొంతుతో చదివి రికార్డు చేశారు.

"ప్రయాణికులకు మనవి. ఉదయం ఆరు గంటల సర్వీసు, మా అమ్మాయి, గుమ్మం నుంచి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఎనిమిదీ పదికి బయలుదేరవలసిన అల్లుడుగారు, ఫోను చూసుకొనుచున్న కారణముగా, ఐదు నిమిషాలు ఆలస్యముగా బయలుదేరుదురు. ఎదురింటి పిల్లి, వేళాపాళా లేని సర్వీసు, ఇప్పుడే వచ్చి వెళ్ళినది."

ఇలా సాగుతుంది. ఒక్కొక్క ప్రకటనకూ గుమ్మంలో ఆ మనిషి వీపు, లేదా ఆ పిల్లి తోక. చివరికి ఎవరూ లేని గుమ్మం. ఎండ గడపమీద పడి ఉంటుంది. చాలాసేపు ఏమీ వినపడదు. తర్వాత అదే గొంతు, ఏ మార్పూ లేకుండా: "పన్నెండేళ్ళ కిందట ఉదయం తొమ్మిది గంటలకు బయలుదేరిన మావారు గమ్యము చేరినట్టు ఇంతవరకు సమాచారము లేదు. ప్రయాణికులు దయచేసి వేచి ఉండగలరు."

కవిగారు ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని అతికిపెట్టారు. తన వీపు కనిపించినప్పుడు పెద్దగా నవ్వారట కూడా. అప్పటికే ఆయన కొత్త సినిమా ఒక పెద్ద ఫెస్టివల్‌కు వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. "సరదాకి మీదీ పంపుదామా అత్తయ్యగారూ?" అన్నారు. "మీ ఇష్టం బాబూ" అన్నారావిడ. దరఖాస్తులో తీసినవారి పేరు అత్తగారిది, ఫోను నంబరు అత్తగారిది, మెయిల్ మాత్రం తనది రాశారు. ఆవిడకు మెయిల్ లేదు మరి.

ఏడు వారాలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం సానయంత్రం ఆగింది. ఆగడం మామూలే. మళ్ళీ మొదలవకపోవడమే మామూలు కాదు. నేను తొంగిచూశాను. కవిగారు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహం అద్దాల పొడి రాలినట్టు తెల్లగా ఉంది.

"ఏమైందండీ?"

"ఏంలేదు డాక్టరమ్మా. ముందుగా అని వచ్చింది."

నలభై రెండోది అనుకుని ఊరుకున్నాను. ఆయన మళ్ళీ పనిలో పడ్డారు. ఆ సాయంత్రం ఒక బడిపంతులు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, నేల ఒరిగిపోతోందని గగ్గోలు పెట్టాడు. చూస్తే అద్దం కోణం పది డిగ్రీలు తప్పింది. నా చీటీలో ఎనభై అని ఉంటే ఆయన తొంభై పెట్టారు. పధ్నాలుగేళ్ళలో ఆయన చేతిలో కోణం తప్పడం అదే మొదలు. యజమాని ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం వచ్చినవి రెండు మెయిల్స్. రెండు నిమిషాల తేడాతో వచ్చాయి. మొదటిది ఆయన సినిమాకు: "ముందుగా." రెండోది అత్తగారి సినిమాకు: "సంతోషంగా." తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మాట ఆయన ఫోనులోకే వచ్చింది, ఇంకొకరి పేరున. తొమ్మిది వందల సినిమాలు వస్తే ఇరవై ఆరు తీసుకున్నారట. పది రోజుల్లోగా సమ్మతి తెలుపుతూ సినిమా మంచి కాపీ, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్, తీసినవారి ఫొటో పంపాలి. పంపకపోతే ఆ చోటు వరసలో తర్వాతి వాళ్ళకు వెళ్తుంది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నారు. మొహం చూసి పోల్చుకున్నారు.

"ఏమైనా తెలిసిందా బాబూ, మీ సినిమా సంగతి?"

"రాలేదండి."

"పోన్లెండి. వాళ్ళ కళ్ళకి మీరే అద్దాలు చెయ్యాలి" అని ఆవిడ నవ్వించబోయారు.

తన సినిమా గురించి ఆవిడ అడగనే లేదు. పంపిన సంగతే మర్చిపోయారేమో. అడిగి ఉంటే చెప్పేసేవాడిని డాక్టరమ్మా, అన్నారు కవిగారు నాతో తర్వాత. ఆవిడ అడక్కపోవడం ఇంకా మండించింది. తను తొమ్మిదేళ్ళుగా నిద్రలో కూడా కలవరించింది ఆవిడకు గుర్తు కూడా లేదు. కష్టపడి కోరుకోని మనిషికి ఎలా ఇస్తారు? రేపు చెబుదాంలే అనుకున్నారు.

రేపు ఆదివారం. చెప్పలేదు. సోమవారం చెప్పలేదు. అత్తగారి సినిమాను కవిగారు మళ్ళీ మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. తప్పులు వెతకడానికి. గుమ్మం కొంచెం కుడివైపుకు వాలి ఉంది. ఒకచోట పైన తిరిగే ఫ్యాను నీడ పడింది. ఒకచోట కుక్కర్ కూత వినిపించింది. ఇన్ని తప్పులున్నదాన్ని తీసుకున్నారు, ఆకు కదలకుండా ఆరుగంటలు కాపలా కాసి తీసిన తన పొగమంచును వద్దన్నారు. అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది తన వీపు. చెప్పులేసుకుని, తలుపు తీసి, బయటికి వెళ్ళకుండా అక్కడే నిలబడి ఫోను చూసుకునే వీపు. ఆయన ఆ ఫోనులో చూసేది మెయిల్ వచ్చిందా అని. ప్రతిరోజూ అక్కడ అలా నిలబడతానని ఆయనకే తెలియదు. తొమ్మిదేళ్ళ తన ఆశను ఆవిడ ఒక్క ప్రకటనలో నవ్వులపాలు చేశారనిపించింది. అతికినప్పుడు తనే నవ్విన సంగతి గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

గురువారం భోజనాల వేళ డబ్బా మూత తియ్యకుండానే నన్ను అడిగారు.

"డాక్టరమ్మా, నాకు తెలిసినాయన ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంట్లో మనిషికి ఒక ఉత్తరం వచ్చింది. మంచి ఉత్తరమే. ఈయన దాన్ని ఇంకా ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఆ మనిషికి పోయేదేమీ లేదు, వచ్చినట్టే తెలీదు కదా. అది తప్పంటారా?"

"ఆ తెలిసినాయన మన వెనక గదిలో పనిచేస్తాడా?"

ఆయన డబ్బాను పక్కకు జరిపారు. తర్వాత ఆయనే మొత్తం చెప్పారు. ఫోను తీసి రెండు మెయిల్స్ చూపించారు. ఆ తర్వాత ఇంకొకటి కూడా చూపించారు: ఆయనే సగం రాసి దాచుకున్న జవాబు. "కొన్ని కారణాల వల్ల ఈ చిత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాం."

"పంపారా?"

"లేదు. పంపలేదు. పంపను కూడా. కానీ రాశాను చూడండి డాక్టరమ్మా. ఎంత బాగా రాశానో. ఒక్క అక్షరం తప్పు లేదు."

"ఈ రోజే వెళ్ళి చెప్పెయ్యండి కవిగారూ."

"చెబుతాను" అన్నారు. చెప్పలేదు. సగం రాసిన జవాబును చెరిపేశారు గానీ, నోరు మాత్రం తెరవలేదు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తెలియక మరో రోజు, ఆ రోజుకు కూడా సంజాయిషీ వెతుక్కోవాలి కాబట్టి ఇంకో రోజు. అలా దాటేశారు. శనివారం ఫెస్టివల్ వాళ్ళు గుర్తుచేస్తూ మరో మెయిల్ పంపారు. దానికీ జవాబు లేకపోయేసరికి ఆదివారం పొద్దున దరఖాస్తులో ఉన్న నంబరుకు ఫోను చేశారు.

కవిగారి భార్య డ్యూటీలో ఉంది. కవిగారు వంటింట్లో గిన్నెలు కడుగుతున్నారు. హాల్లో అత్తగారి ఫోను మోగింది. కొళాయి కట్టేసి విన్నారట.

"అవునమ్మా, నేనే... ఎప్పుడు?... పోయిన శనివారమా?... ఓహో." తర్వాత ఆవిడ మైకు గొంతు వినిపించింది, ఎక్కడా తొణక్కుండా. "ఆ పనులన్నీ మా అల్లుడుగారు చూస్తున్నారమ్మా. కాస్త ఆలస్యమైనట్టుంది. రేపటికి తప్పకుండా అందుతాయి. ఉంటాను."

కవిగారు తడిచేతులతోనే హాల్లోకి వచ్చారు. ఆవిడ ఫోనును ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నారు.

"పోయిన శనివారం ఉత్తరం వచ్చిందట కదా బాబూ."

"వచ్చిందండి."

"మీదీ ఆ రోజేనా తెలిసింది?"

"ఆ రోజేనండి."

"కుళ్ళొచ్చిందా?"

అంత సూటిగా అడుగుతారని ఆయన అనుకోలేదు. అల్లుడన్నాక ఏదో ఒక మర్యాద అడ్డం పెట్టుకుని మాట్లాడతారనుకున్నారు.

"వచ్చిందండి. చాలా వచ్చింది."

"నాకు కోపం వచ్చింది" అన్నారావిడ. గొంతు పెంచలేదు. "ముప్ఫయ్యొక్కేళ్ళు నా నోటితో ఊరందరికీ బస్సొచ్చిందని చెప్పాను. ఒక్క బస్సు గురించి కూడా చెప్పడం మానలేదు. నాకొచ్చిందేదో నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదా? ఎనిమిది రోజులు జేబులో పెట్టుకు తిరిగారా, నా ఎదురుగానే, ఈ గుమ్మంలోంచే?"

"తప్పయిపోయిందండి."

"అయింది. రేపటికి పంపాలట, ఏవేం కావాలో చూడండి. ఇప్పుడు నాతో మాట్లాడకండి."

సాయంత్రం భార్య వచ్చింది. తల్లి మొహం, మొగుడి మొహం చూసి ఇద్దర్నీ విడివిడిగా అడిగింది. తర్వాత కవిగారిని వంటింట్లోకి పిలిచింది. మామూలుగా భర్తను మీరు అంటుంది. ఆ రోజు నువ్వు అంది.

"మా అమ్మ ఉత్తరం దాచావా? నువ్వు? తొమ్మిదేళ్ళు నీ కొళాయి చుక్కలు, నీ చెమ్మగోడలు నోరు మెదపకుండా చూశానే, నాకే ఫెస్టివల్ వాళ్ళు బిరుదు ఇవ్వాలి! ఈ నాలుగేళ్ళలో నీకు రాని ప్రతిసారీ మా అమ్మ నీకు టీ పెట్టి ఇచ్చింది, తెలుసా నీకు? ఆ మోకాళ్ళతో లేచి వెళ్ళి!"

తెలుసు. ఆ ప్రతి టీ ఆయనకు గుర్తుంది.

సోమవారం కవిగారు సెలవు పెట్టారు. పొద్దున్నుంచీ కూర్చుని సబ్‌టైటిల్స్ చేశారు. "బయలుదేరుదురు", "వేచి ఉండగలరు" అనే ఆ పాతకాలపు బస్ స్టేషన్ మర్యాదను ఇంగ్లీషులోకి ఎలా తేవాలో తెలియక ఒక్కొక్క వాక్యం పదేసిసార్లు తిరగరాశారు. నాకు మూడుసార్లు ఫోను చేశారు. నాకు మాత్రం ఏం తెలుసు. "డాక్టరమ్మా, ఆవిడ ఒక్క మాట కూడా ఎక్కువ వెయ్యలేదు" అన్నారు మూడోసారి. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంది, ఏడుపు కూడా ఉంది. ఫొటో కోసం కుర్చీ దగ్గరికి వెళ్తే ఆవిడ కూతురితో అన్నారట: "ఫొటో నువ్వు తియ్యమ్మా." సాయంత్రం నాలుగింటికి అన్నీ వెళ్ళిపోయాయి. అత్తగారు ఇంకో ఐదు రోజులు అల్లుడితో నేరుగా మాట్లాడలేదు. "మీ ఆయన్ని భోజనానికి రమ్మను" అనేవారు, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే.

ఆరో రోజు పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే, "గొడుగు తీసుకెళ్ళండి బాబూ, మబ్బుగా ఉంది" అన్నారు. దుకాణానికి వచ్చి గొడుగు చూపించి మరీ చెప్పారు నాకు.

ఫెస్టివల్ జరిగే ఊరు రైల్లో నాలుగు గంటలు. నన్నూ రమ్మన్నారు అత్తగారు. నలుగురం వెళ్ళాం. నూటపాతిక కుర్చీల హాలు, దాదాపు నిండింది. ఆవిడ సినిమా ఐదోది. అంతకుముందు వచ్చిన నాలుగూ చీకటిగా, బరువుగా ఉన్నాయి. మా కవిగారివే అనిపించేలా ఉన్నాయి, కాస్త బాగా. ఐదోది మొదలై "ప్రయాణికులకు మనవి" అని వినపడగానే హాల్లో కదలిక మొదలైంది. పిల్లికి నవ్వారు. ఫోను చూసుకునే అల్లుడుగారి వీపుకు హాలంతా నవ్వింది. నా పక్క కుర్చీలో ఆ వీపు గల మనిషి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. చివరి ప్రకటన అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దీపాలు వెలిగేదాకా కొట్టలేదు. తర్వాత కొట్టారు, చాలాసేపు.

తీసినవాళ్ళను ముందుకు పిలిచి ప్రశ్నలడిగారు. నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు లేచారు. ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి సినిమాలు తీస్తున్న మనిషట. "చివర ఖాళీ గుమ్మాన్ని అంతసేపు ఆపారే, అలా ఆపాలని మీకెలా తెలిసింది?" అని అడిగారు.

"అది నేను కాదండీ. అతికింది మా అల్లుడుగారు. అదిగో, అక్కడున్నారు. ఆయన్నే అడగండి" అని అత్తగారు వేలు చూపించారు.

హాలంతా వెనక్కి తిరిగింది. కవిగారు లేచి నిలబడ్డారు. ఇలాంటి క్షణం కోసం ఆయన తొమ్మిదేళ్ళుగా మాటలు కూర్చుకుంటున్నారని నాకు తెలుసు. నీడ గురించి, మౌనం గురించి, శూన్యం గురించి. అవేవీ రాలేదు.

"ఆవిడ ఆ ముక్క చదివే ముందు చాలాసేపు ఆగారండీ, రికార్డింగులో" అన్నారు. "నేను కొయ్యాలనే చూశాను. కొయ్యబుద్ధి కాలేదు."

అంతే చెప్పి కూర్చున్నారు. హాల్లో మళ్ళీ చప్పట్లు పడ్డాయి. నెరిసిన జుట్టు ఆవిడ తలూపి ఏదో రాసుకున్నారు. కాస్సేపాగి కవిగారు నా చెవిలో అన్నారు. "డాక్టరమ్మా, చూశారా? నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఎందుకు? ఏమీ చెయ్యకుండా ఊరుకున్నందుకు." నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ వెలుగులో నాకు తెలియలేదు.

బహుమతులేవీ రాలేదు ఆవిడకు. ఆవిడ ఆశించినట్టూ లేదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయారు.

ఆ నెరిసిన జుట్టు ఆవిడ రెండు నెలల తర్వాత కవిగారికి మెయిల్ పంపారు. తన కొత్త సినిమా అతికిపెడతారా అని. ఆయన వారంరోజులు బెట్టు చేసి ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. ఇప్పటికి ఆయన చెయ్యి పడ్డ సినిమాలు ఐదు ఫెస్టివల్స్‌లో ఆడాయి. చివర్న "కూర్పు" అని ఆయన పేరు వస్తుంది. ఆయన సొంత సినిమాలు మాత్రం యాభైసార్లకు పైగా పంపినా ఎక్కడా ఆడలేదు. "ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ చేస్తున్నాను" అని ఆయనే జోకేసుకుంటారు. ఒక్కోసారి ఆ జోకు మధ్యలోనే ఆగిపోతుంది.

అత్తగారు రెండో సినిమా తీశారు. ఈసారి వంటింటి కిటికీ. పంపేముందు ఆవిడ కూతురితో తన పేర ఒక మెయిల్ పెట్టించుకున్నారు. దాని పాస్‌వర్డ్ అల్లుడికి చెప్పొద్దన్నారు, ఆయన ఎదురుగానే. నాలుగు చోట్లకు పంపితే నాలుగు చోట్లా తీసుకోలేదు. నాలుగోది రాలేదని తెలిసిన రోజు కవిగారు దుకాణానికి వచ్చినప్పుడు ఆయన అడుగులోనే తేడా తెలిసింది నాకు. మధ్యాహ్నం అందరికీ కాఫీ తెప్పించారు. ఎందుకని యజమాని అడిగితే, ఊరికే అన్నారు.

మర్నాడు మాత్రం దిగాలుగా వచ్చారు. రాత్రంతా సిగ్గేసిందట. పొద్దున లేవగానే అత్తగారి దగ్గరికి వెళ్ళి చెప్పేశారట. "మీకు రాలేదంటే నాకు సంతోషం వేసిందండి. దాచుకుంటే మళ్ళీ అదే అవుతుందని చెబుతున్నాను."

"నాకు తెలుసు బాబూ" అన్నారట ఆవిడ. "నిన్న మీరు ఈలేసుకుంటూ గిన్నెలు కడిగారు. మీరు ఈలవెయ్యడం ఈ ఇంట్లో ఇదే మొదటిసారి."

ఆవిడకు కోపం వచ్చిందా అని అడిగాను. రాలేదట. టీ పెట్టమన్నారట, ఈసారి ఆయన్ని.

ఈ ఏడాది ఇద్దరూ ఒకే ఫెస్టివల్‌కు పంపారు. ఎవరి మెయిల్ నుంచి వాళ్ళు. కవిగారి సినిమాలో ఈసారి పొగమంచు లేదు. మా దుకాణం వెనక గదే ఉంది, సాన చప్పుడు ఉంది, "శూన్యం" ఒక్కసారే వచ్చింది. చూసి "బావుందండీ" అన్నాను. నేను ఆ మాట ఈసారి నిజంగా అన్నానని ఆయనకు తెలిసిందో లేదో. ఫలితాలు వచ్చే శుక్రవారం. పొద్దున్న ఇద్దరి ఫోనులూ భోజనాల బల్లమీద పక్కపక్కనే ఉంటున్నాయట.

"మీకేమనిపిస్తోంది కవిగారూ?" అని నిన్న గోడ ఇవతలనుంచి అడిగాను.

సానయంత్రం ఆపారు. తర్వాత అన్నారు: "ఇద్దరికీ రావాలని కోరుకోవడానికి ప్రయత్నిస్తున్నా డాక్టరమ్మా. మధ్యమధ్యలో ఆ కోరిక వస్తోంది. ఎక్కువసేపు నిలవడం లేదు."